మగవాడు కోయని గుమ్మడికాయ

బరంపురం అద్దెయింట్లో హేమ గుమ్మడికాయను తనే కోసి, తురిమి, బెల్లం, పిండి కలిపి, ఇసుక పోసిన కుక్కర్లో రొట్టె కాల్చింది. గర్భం పోయిన నెలకి ఆ ఇంట్లో మంచి వాసన వచ్చింది.

"ఈ కాయా, ఈ రొట్టే అమెరికాలోనే పుట్టాయంట అత్తా. తిను."

పుణ్యవతి పళ్లెం తోసేసింది. "ఎక్కడ పుడితే నాకేటి? గుమ్మడికాయంటే ఇంటికి పెద్దకొడుకు. ముందు మగోడు కత్తెట్టాల. నువ్వే నరికేస్తే కడుపు నిలుస్తాదేటి?"

"పిండం ఎదగలేదని, నా తప్పు కాదని డాక్టరమ్మ సెప్పింది కదత్తా!"

హేమ మొగుడి వైపు చూసింది. ఆ మాట అతనూ అంటే చాలు.

లోకనాథ్ రొట్టె ముక్క నమిలి మింగాడు.

"కడుపుతో ఉన్నప్పుడు కూడా కాయ నువ్వే కోసినావేటే?" అన్నాడు.