ఎత్తు పనికి తగదు

మా అమ్మాయి క్రేను నడిపేది. రోడ్డు మీద తిరిగే క్రేను కాదు. పెద్ద బిల్డింగులు కట్టేచోట స్తంభంలా నిలబడి, పైన చెయ్యి చాపినట్టు అడ్డంగా పొడుగ్గా ఇనుముంటుందే, అది. ఆ చెయ్యి మొదట్లో అద్దాల గది ఒకటుంటుంది. ఒక్కరే పడతారు. దానికి ఇనప మెట్లు మూడొందల పద్దెనిమిది. నేనే అడిగి తెలుసుకున్నాను, తెలుసుకోకుండా ఉండాల్సింది. పొద్దున ఏడింటికి ఎక్కి, మధ్యాహ్నం ఒకసారి దిగి, మళ్ళీ ఎక్కి, సాయంత్రం ఆరింటికి దిగేది.

నేను బస్టాపు ఎదురుగా మిషను వేసుకుని కూర్చుంటాను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, తెగిన బ్యాగులు కుట్టడం నా పని. తలెత్తితే మేడల మీదుగా ఆ క్రేను కనబడుతుంది. అందుకే అది క్రేను నడిపిన రెండేళ్ళూ నా కుట్టు తిన్నగా రాలేదు. ఒకాయన ప్యాంటుకి ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు చేసి ఇచ్చాను. ఆయన తిట్టలేదు. మీ అమ్మాయి పైనుంచి చూసి కొలత చెప్పిందా అని నవ్వాడు. వీధిలో అందరికీ తెలుసు మరి.

నా సంగతి మొదట్నుంచీ ఇంతే. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటాను. నన్ను ఏడో తరగతితో మాన్పించారు. స్కూలుకి వెళ్ళాలంటే రైలు పట్టాలు దాటాలని మా అమ్మకి భయం. పట్టాల మీద నాకేమీ కాలేదు గానీ, ఆ భయం మాత్రం ఆస్తిలా నాకొచ్చింది.

క్రేను ట్రైనింగు కాయితాల మీద సంతకం పెట్టింది మా ఆయన. ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. నేనూ రోజంతా పైకీ కిందకీ తిరుగుతూనే ఉన్నాగా, నాకేమైంది అన్నాడు. మా వదిన, అంటే ఆయన అక్క, అంత తేలిగ్గా వదల్లేదు. పిల్లకి ఇరవయ్యారు నిండాయి, పెళ్ళికొడుకుని తనే పైనుంచి వెతుక్కుంటుందేమో, మనం కాళ్ళరిగేలా తిరగడం దండగ అని నలుగురిలో అనేది. మా పిల్ల తక్కువ తినలేదు. "పైనుంచి చూస్తే అందరి బట్టతలా కనబడుతుందత్తా. అక్కడే చిక్కొచ్చింది" అనేసింది.

సైటులో దాన్ని పైనున్నమ్మ అనేవాళ్ళట. కాంక్రీటు బకెట్టు చుక్క ఒలక్కుండా దించితే, అంతా పైనున్నమ్మ దయ అని కిందివాళ్ళు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళట. ఈ మాట చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి. అంత పైన ఒక్కదానివీ ఎలా ఉంటావే అని ఒకసారి అడిగాను.

"అక్కడ ఎక్కడికెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని ఎవరూ అడగరమ్మా" అంది.

నన్నే అందని తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. నా మిషను మీది టార్పాలిన్ తాడు తెంపుకుని ఎగిరింది. తలెత్తి చూస్తే క్రేను చెయ్యి తనంతట తనే తిరుగుతోంది. అటు పోయి, ఆగి, మళ్ళీ వెనక్కి. తాగినవాడి నడకలా ఉంది. లోపల పిల్ల స్పృహ తప్పిందనుకున్నాను. కాదు, నిజం చెప్పాలంటే పోయిందనే అనుకున్నాను. చేతిలో కత్తెరతో, చెప్పులు లేకుండా పరిగెత్తాను. గేటు దగ్గర నన్ను లోపలికి వదల్లేదు. నలభై నిమిషాలు ఆ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. గాలి తగ్గాక అది దిగొచ్చి, నా చేతిలో కత్తెర చూసి, ఎవర్ని పొడుద్దామని వచ్చావంది.

ఇంటికొచ్చే దారంతా విడమర్చి చెప్పింది. గాలి ఎక్కువైతే, చెయ్యి తిరక్కుండా పట్టుకునే బ్రేకు వదిలేస్తారట. అప్పుడది గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుందట. అలా వదిలేస్తేనే క్రేను నిలుస్తుందట. బిగించి పట్టుకుంటే విరుగుతుందట. నువ్వు చూసి హడలిపోయావే, అది నేను సరిగ్గా చేసిన పనమ్మా అంది. తలూపాను. కానీ చెవులు విన్నదాన్ని కళ్ళు నమ్మవు.

ఆ వారంలోనే ఇంకో కబురు తెచ్చింది. వేరే ఊళ్ళో ఇంతకి రెట్టింపు ఎత్తు క్రేను, ఏడాది పని, ఉండటానికి కంపెనీ గది. వెళ్ళేముందు హైట్ పాస్ కొత్తగా తీసుకోవాలి. అంటే మనిషి ఎత్తు మీద పనికి తగుతుందని డాక్టరు చూసి ఇచ్చే కాయితం. అది బ్యాగు సర్దడం మొదలెట్టింది. నేను ఏడ్చాను. రెండు పూటలు తిండి మానేశాను.

"నువ్వు తినకపోతే కళ్ళు తిరిగేది నీకమ్మా. నాక్కాదు" అంది, చొక్కాలు మడతపెడుతూ.

ఆ మాట దగ్గరే నాకు బుద్ధి పుట్టింది. పాడు బుద్ధి.

మర్నాడు అది క్రేను ఎక్కాక సైటు ఆఫీసుకి వెళ్ళాను. సేఫ్టీ ఆఫీసరు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించాడు. మా అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయి బాబూ అని చెప్పాను. రెండేళ్ళప్పుడు, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో ఒక్కసారి వచ్చిన మాట నిజం. మళ్ళీ ఎన్నడూ రాలేదు. నేను మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంటాయని, మొన్న గాలిరోజున పైన వచ్చే ఉంటుందని చెప్పాను. ఆ పెద్ద క్రేనుకి పంపకపోతే చాలు, ఇక్కడే కళ్ళెదురుగా ఉంటుందనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. ఆయన అన్నీ రాసుకుని నాచేత సంతకం పెట్టించాడు. ఎన్ని ప్రాణాలు కాపాడారో మీకు తెలీదమ్మా అన్నాడు. ఏ ఆఫీసులోనూ నాతో అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు.

పదకొండింటికి దాన్ని దించేశారు. పైనున్నమ్మా, దిగిరా అని వాకీటాకీలో పిలిచారట. మెట్ల మొదట్లో నలుగురు తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారట, దిగుతూ పడిపోతుందేమోనని. ఎవరికేమైంది అని ఇది నవ్వుతూ అడిగిందట.

సాయంత్రం ఇంటికొచ్చి కాయితం బల్ల మీద పెట్టింది. హైట్ పాస్ రద్దు. అడ్డంగా ఎర్ర ముద్ర, ఎత్తు పనికి తగదు అని. పెద్ద క్రేనూ లేదు, చిన్న క్రేనూ లేదు. వెనకే నేను సంతకం పెట్టిన దాని నకలు.

"ఈ సంతకం నీదేనా?"

నాదేనన్నాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"వెళ్ళి అబద్ధమని చెప్పు" అంది.

మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమే అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నన్న పెద్ద మాట అదే.

వెళ్ళాను. అదే ఆఫీసరు, అదే కుర్చీ, అవే మంచినీళ్ళు. భయంతో అబద్ధం చెప్పాను, పిల్లకి ఏ జబ్బూ లేదన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. పిల్ల పెళ్ళి కావాలి కదమ్మా, మీ బాధ నాకు తెలుసన్నాడు. పెళ్ళి కాదు బాబూ, ఉద్యోగం అన్నాను. పిల్ల మీద ఒట్టు పెట్టాను.

"మా చెల్లికి ఉబ్బసం. పెళ్ళయ్యేదాకా మా అమ్మ దాన్ని జలుబనే చెప్పింది" అన్నాడు. "పిల్లకి జబ్బుందని ఏ తల్లీ అబద్ధం చెప్పదమ్మా. లేదనే చెబుతుంది."

తలకి వైర్లు పెట్టే పరీక్ష చేయించాం. అంతా బాగానే ఉందని డాక్టరు రాశాడు. కింద ఇంకో ముక్క కూడా రాశాడు, గతంలో వచ్చినట్టు తల్లి చెప్పారని. ఆ ముక్క చాలు. పిల్ల మూడు కంపెనీలు తిరిగింది. పని చూపించమన్నచోట శభాష్ అన్నారు. కాయితాలు చూపించమన్నాక మళ్ళీ కబురు చేస్తామన్నారు.

మా వదిన సంబంధం తెచ్చింది. నలభై రెండేళ్ళాయన, భార్య పోయిందట, ఫిట్స్ ఉన్నా పర్వాలేదన్నాడట. ఇంత మంచి మనసు ఎక్కడ దొరుకుతుంది చెప్పు అంది. మునుపైతే పిల్ల ఏదో ఒకటి అంటించేది. ఈసారి లేచి పక్కగదిలోకి పోయింది.

చివరికి ఆ ఆఫీసరే జాలిపడి స్టోరులో వేయించాడు. వచ్చినవాళ్ళకి హెల్మెట్లూ బూట్లూ ఇచ్చి, వెళ్ళేటప్పుడు పుచ్చుకునే పని. రెండు షరతులు పెట్టాడు. గదిలో ఒంటరిగా ఉండకూడదు. బాత్రూముకి వెళితే తలుపు గడియ పెట్టకూడదు, లోపల పడిపోతే ఎవరు చూస్తారు? ఇప్పుడది ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటోంది. వీధి చివరి కొట్టుకెళ్ళినా, వెళ్ళనా అని అడిగి, నేను సరేననేదాకా గుమ్మంలో నిలబడుతోంది. నేను కోరుకున్నది ఇదేగా.

ఇంట్లో కూడా బాత్రూం గడియ పెట్టడం మానేసింది. మనింట్లో ఎందుకే, పెట్టుకో అన్నాను. అలవాటు తప్పితే అక్కడ మర్చిపోయి పెట్టేస్తానమ్మా, ఈ ఉద్యోగం కూడా పోతుంది అంది.

ఒక విషయం ఎవరికీ చెప్పలేదు. అందరూ అంటుంటే వినీ వినీ, ఈమధ్య నాకే అనుమానం పట్టుకుంది. రెండేళ్ళప్పుడు వచ్చింది మళ్ళీ రాదని ఎవరు చూశారు? నిన్న అది స్నానానికి వెళ్ళింది. నేను తలుపు పక్కనే నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వినబడినంతసేపూ బాగానే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. పది అంకెలు లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. నా చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది.

"ఇంకా పడలేదమ్మా. వెళ్ళు" అంది లోపల్నుంచి.

నేను వెళ్ళలేదు.