కొండచిలువ గది

కొండచిలువ పిల్లను ఇంటికి తెచ్చిన రోజునే రాకాన్ తన అక్క హియామ్ గదిలోని కరెంటు హీటరును ఎత్తుకుపోయాడు. అడగలేదు. ఒక చేతిలో పాము ఉన్న గుడ్డసంచి, ఇంకో చేతిలో హీటరు పట్టుకుని గుమ్మం దాటుతూ, "దాని డబ్బా ఒక్కటే వెచ్చగా ఉంటే చాలదటక్కా, గది కూడా వెచ్చగా ఉండాలట" అని మాత్రం అన్నాడు.

అది నవంబరు. అమ్మాన్ నగరంలో, అష్రఫీయా కొండ మీద, ఉత్తరపు గాలికి ఎదురుగా నిలబడ్డ రాతి ఇల్లు వాళ్లది. అందులో హియామ్‌ది మూల గది. మార్చి దాకా ఆ గోడలకు ఎండ తగలదు.

హియామ్‌కు యాభై ఒకటి. తల్లి పోయినప్పుడు రాకాన్‌కు నాలుగేళ్లు. బడి మానేసి తమ్ముణ్ణి పెంచింది. రెండు సంబంధాలు వస్తే, వాణ్ణి కాస్త ఎదగనివ్వండని వెనక్కి పంపింది. తండ్రి పోయాక రాకాన్ ఆమెను కోర్టుకు తీసుకెళ్లి, ఇంట్లో ఆమె వాటా తన పేర రాయించుకున్నాడు. "మన మధ్య వాటాలేమిటక్కా? నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావుగా" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం వాడికి ఇష్టమని సొరకాయ పిందెల్లాంటి కూసా కాయల్లో బియ్యం, మాంసం కూరి వండింది కూడా.

రాకాన్ సెల్‌ఫోన్ల షోరూములో పనిచేస్తాడు. సాయంత్రాలు ఫోన్లో వీడియోలు తీసి జనానికి చూపిస్తాడు. మొదట కార్ల మీద మాట్లాడాడు, తర్వాత కాఫీల మీద. ఎవరూ పట్టించుకోలేదు. కొండచిలువతో మొదటి వీడియో పెట్టినప్పుడు ఒక్క రోజులో ఆరువేల మంది చూశారు.

శుక్రవారం సంతలో పాము అమ్మినవాడు దాంతోపాటు చాలా అంటగట్టాడు. ఇద్దరు మోస్తే గానీ కదలని గాజుపెట్టె, ఎర్ర బల్బు, కరెంటు పెడితే కాలే ఒక రాయి. "ఇల్లు ఎంత పెద్దదైతే పాము అంత హాయిగా ఉంటుంది తమ్ముడూ" అన్నాడట. ఆ పాము చూస్తే మూరెడు పొడుగు, వేలెడు లావు. అంత పెద్ద గాజుపెట్టెలో ఒక మూలకు పోయి, తల లోపలికి దాచుకుని ఉండలా చుట్టుకుంది. మూడు వారాలు ఏమీ తినలేదు.

రాకాన్ పొద్దున్నే వెళ్లిపోతాడు. అతని భార్య లుజైన్ పాము ఉన్న గది వైపే రాదు. కాబట్టి చూసుకునే పని హియామ్‌ది అయింది. మొదటి వారం ఆమె గరిటె కాడతో దాన్ని కదిపేది. రెండో వారం వేలితో తాకింది. పాము తడిగా ఉంటుందనుకుంది, లేదు. పొడిగా, నున్నగా, తోలు పర్సులా ఉంది. ఒకరోజు ఆ రాయికి చెంప ఆనించి చూసి చటుక్కున వెనక్కి తీసుకుంది. రాయిని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది.

తల్లి పోయాక నెల రోజులు రాకాన్ మంచం కింద దూరి పడుకునేవాడు. మంచం మీద పడుకోబెడితే తినేవాడు కాదు. ఆమె దుప్పటిని నాలుగు వైపులా కిందికి వేలాడదీసి, పళ్లెం లోపలికి తోసేది. అప్పుడు తినేవాడు. మూలన ముడుచుకున్న పామును చూస్తే ఆమెకు అదే గుర్తొచ్చింది.

పాములు పెంచేవాళ్ల వీడియోలు చూసి, చలిబట్టలు దాచే ప్లాస్టిక్ పెట్టె ఖాళీ చేసింది. స్క్రూడ్రైవరు పొయ్యి మీద కాల్చి పక్కలకు చిల్లులు పొడిచింది. సంతలో కొన్న, కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టాను పెట్టె కింద ఒక చివరన, మూడో వంతు మేరకే పరిచింది. వేడిని అదుపులో ఉంచే చిన్న యంత్రానికి ఉన్న, వేడి పసిగట్టే తీగ కొనను పట్టాకూ పెట్టెకూ మధ్య టేపుతో అంటించి, ముప్పై రెండు డిగ్రీల దగ్గర పెట్టింది. రెండో చివర ఇరవై ఆరు దాటకుండా చూసుకుంది. ఒక మట్టికుండను రెండు చెక్కలుగా పగలగొట్టి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి బోర్లించింది. బరువైన నీళ్ల గిన్నె పెట్టింది. రెండు రోజులు మూత తీయలేదు. మూడో రోజు, గడ్డకట్టించి అమ్మే ఎలుక పిల్లను వేడినీళ్లలో మెత్తబరిచి, పొడుగాటి పటకారుతో వెచ్చటి వైపు కుండచెక్క ముందు పెడితే, పాము ఒక్క విసురుతో అందుకుంది.

ఆ సాయంత్రం రాకాన్ కెమెరా ముందు కూర్చుని, "మిత్రులారా, మూడు వారాలు నిద్ర మానుకుని చివరికి నేనే కనిపెట్టాను" అన్నాడు.

పక్క గదిలోంచి హియామ్ విన్నది. నవ్వుకుంది. చిన్నప్పుడు కూడా ఆమె గీసిన బొమ్మలు తనవని చెప్పుకునేవాడు.

డిసెంబరులో ఆమెకు దగ్గు పట్టుకుంది. జనవరిలో మంచు పడింది. కిటికీ లోపలి వైపు కూడా నీళ్లు గడ్డకట్టాయి. ఒక ఉదయం టీ తాగుతుండగా అడిగింది.

"హీటరు రోజుకో గంట ఇవ్వరా. పడుకునే ముందు గది కాస్త వేడెక్కితే చాలు."

"అక్కా, అది ఆఫ్రికా నుంచి వచ్చింది. నువ్వు ఇక్కడే పుట్టావు" అన్నాడు రాకాన్ ఫోన్లోంచి తల ఎత్తకుండా.

లుజైన్ రొట్టె తుంచుతూ, "ఇంకో రెండు స్వెట్టర్లు వేసుకోండి వదినా. పాపం, పాముకు వేసుకోడానికి చేతులు కూడా లేవు" అంది. ఇద్దరూ నవ్వారు.

అప్పటినుంచి హియామ్ పగలు పాము గదిలోనే కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడే పప్పు ఏరేది, బట్టలు కుట్టేది, అరచేతులు పెట్టె మూతకు ఆనించుకునేది. లుజైన్ పసిగట్టి మొగుడికి చెప్పింది. మర్నాడు తలుపుకు తాళం పడింది.

"మాటిమాటికీ తలుపు తీస్తే వేడి పోతుందక్కా. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. తాళంచెవి లుజైన్ ఇస్తుంది."

ఆ ఇరవై నిమిషాల కోసం హియామ్ రోజంతా ఎదురుచూసేది. ఆమె చెయ్యి పెడితే పాము కుండచెక్క కిందినుంచి వచ్చి మణికట్టుకు చుట్టుకునేది. ఆ ఇంట్లో ఆమెను తాకేది అదొక్కటే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం షోరూము మేనేజరు, అతని భార్య భోజనానికి వచ్చారు. హియామ్ తెల్లవారకముందే లేచి, మాంసం, వంకాయలు వేసి గిన్నె బోర్లించి వడ్డించే మక్లూబా అన్నం వండింది. తిన్నాక రాకాన్ కేకేశాడు. "పామును తీసుకురా!"

అక్కా అనలేదు. ఆమె గమనించింది గానీ పట్టించుకోలేదు. మణికట్టుకు పాముతో వచ్చి నిలబడింది.

"వెచ్చటి వైపు ఎంత ఉండాలో చెప్పు" అన్నాడు, చిలకతో మాట్లాడించినట్టు.

"ముప్పై రెండు."

"చల్లటి వైపు?"

"ఇరవై ఆరు."

మేనేజరు భార్య చప్పట్లు కొట్టింది. "మీ పనావిడ భలే ధైర్యస్తురాలండీ! మాకు దొరికేవాళ్లు బొద్దింకను చూసినా కేకలు పెడతారు."

లుజైన్ కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుంది. హియామ్ తమ్ముడి వైపు చూసింది. అతని చెవులు కొద్దిగా ఎర్రబడ్డాయి. అయినా నవ్వుతూ, "నేర్పిస్తే ఎవరైనా నేర్చుకుంటారండీ" అన్నాడు.

హియామ్ పామును పెట్టెలో వదిలి, అతిథులకు పళ్లు కోసి ఇచ్చి, గిన్నెలు తోమింది.

మర్నాడు పొద్దున తనకిచ్చిన పది నిమిషాల్లో నీళ్లు మార్చింది. తర్వాత పెట్టె కింద చెయ్యి పెట్టి టేపు ఊడబీకింది. తీగ కొనను బయటికి లాగి, చల్లటి కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంకా చల్లగానే ఉందనుకుని ఆ యంత్రం పట్టాను కాలుస్తూనే ఉంటుందని ఆమెకు తెలుసు. అంతా తెలిసే చేసింది. తలుపు వేసి, తాళంచెవి లుజైన్‌కు ఇచ్చింది.

వంటింట్లో కూర్చుని గోధుమల్లో రాళ్లు ఏరింది. వేడెక్కితే చల్లటి వైపు పోతుందిలే, కాస్త బెదురుతుంది, రాకాన్ హడలిపోతాడు, అంతే, అనుకుంది. పది గంటలకు లేచి తాళంచెవి అడగబోయింది. లుజైన్ ఫోన్లో పుట్టింటివాళ్లతో నిన్నటి సంగతి చెప్తోంది. "పనావిడట!" అంటూ పగలబడి నవ్వుతోంది. హియామ్ వెనక్కి వచ్చి మళ్లీ కూర్చుంది. పాములకు గొంతు ఉండదు. ఆ గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు.

సాయంత్రం మూత తీసేసరికి పాము చల్లటి వైపు లేదు. వెచ్చటి వైపు కుండచెక్క కిందే, గట్టిగా చుట్టుకుని ఉంది. భయమేసినప్పుడు దాక్కోవడానికి దానికి ఆమె అలవాటు చేసిన చోటు అదే. ఎత్తితే పొట్ట పొడుగునా పొలుసులు తెల్లగా ఉబ్బి, కొన్నిచోట్ల చర్మం పెట్టె అడుగుకే అంటుకుపోయి ఊడొచ్చింది. ప్రాణం మాత్రం ఉంది. మణికట్టుకు చుట్టుకోబోయింది, చేతకాలేదు.

రాకాన్ వచ్చి చూశాడు. కిటికీ గట్టు మీద తీగనూ చూశాడు.

"నేనే తీశాను" అంది హియామ్.

అతని మొహంలోకి చూసింది. ఆ మొహం నొప్పితో ముడుచుకోవడం చూడాలనే కదా ఇదంతా చేసింది. అక్కడ నొప్పి లేదు. బండి పంక్చరైనప్పటి చిరాకు ఉంది. ఆ తర్వాత అదీ పోయి, కళ్లు మెరిశాయి. ఫోను తీశాడు.

"అలాగే పట్టుకో. ఇంకొంచెం పైకి. కాలిన వైపు కనబడాలి."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాంరా, ముందు..."

"చెయ్యి కదపకు."

ఆమె చేతులు, కాలిన పాము, కెమెరాలో పడ్డాయి. రాకాన్ ఏడ్చాడు. "నా ఇంట్లో మనిషే, నా రక్తమే, ఈ మూగజీవిని ఇలా..." అన్నాడు. వాడికి నిజంగా ఏడుపొస్తే ముక్కు చివర ఎర్రబడుతుందని హియామ్‌కు తెలుసు. అది మామూలుగానే ఉంది.

తీయడం అయిపోగానే మొహం తుడుచుకున్నాడు. "బాల్కనీలో పెట్టెయ్. చలికి అదే పోతుంది. దీనికి వైద్యం చేయించే ఖర్చుతో తెల్ల రకం కొత్తది వస్తుంది."

ఆమె బాల్కనీలో పెట్టలేదు. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, తన పొట్ట మీద మెత్తటి పాత గుడ్డలో పడుకోబెట్టుకుంది. తన ఒంట్లో ఉన్న వేడి ఎంతో, అంతే ఇవ్వగలిగింది. మర్నాడు మధ్యాహ్నానికి పాము చచ్చిపోయింది. ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. చాలాసేపు చచ్చినదాన్నే వెచ్చబెట్టింది.

వీడియోను నాలుగు లక్షల మంది చూశారు. చుట్టాలందరూ చూశారు. పెళ్లి కాక మతి చలించిందని ఒకరు, చిన్నప్పుడు రాకాన్‌ను కూడా ఏం చేసిందోనని ఇంకొకరు అన్నారు. అబద్ధమని ఎదురు చెప్పడానికి హియామ్‌కు నోరు రాలేదు. మిగతావి ఎలా ఉన్నా, పామును కాల్చింది తనే.

వారం తర్వాత రాకాన్ ఆమెను, ఒక సంచితో, జర్కా పట్టణంలో, తమ పినతండ్రి కూతురు, విధవరాలైన సలామా ఇంటి ముందు దించాడు. "నిన్ను పోలీసులకు పట్టించమని ఎంతమంది రాశారో తెలుసా అక్కా? నేనే ఆపాను" అన్నాడు. ఆమె చెంప మీద ముద్దు కూడా పెట్టాడు.

సలామా మంచిది. ముందుగదిలో కిరోసిన్ పొయ్యి నిండుగా మండుతోంది. "రా, దగ్గరగా కూర్చో, ఎముకలు తప్ప ఏం మిగల్లేదు నీలో" అంటూ కుర్చీ జరిపింది. వేడివేడి పప్పుచారు, ఉల్లిపాయ, నిమ్మచెక్క తెచ్చి పెట్టింది. కిటికీ దగ్గర పంజరంలో పసుపుపచ్చ కానరీ పిట్ట ఒకటి గెంతుతోంది. హియామ్ దాని వైపు చూసింది.

సలామా లేచి పంజరం కొక్కెం నుంచి తీసి, తన పడకగదిలోకి తీసుకెళ్లి, తాళం వేసి వచ్చింది. కూర్చుని, "చారు చల్లారిపోతుంది, తాగు" అంది.

హియామ్‌కు కోపం రాలేదు. సలామా స్థానంలో తనున్నా అదే చేసేదాన్ననుకుంది. గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగింది.