దిగని బ్లేడు

చిట్యాలలో గుర్వయ్య రంపం మిషన్ కొట్టం. పొద్దున్నుంచి వడ్రంగి యోహాను బ్లేడును దించే చక్రం తిప్పుతూనే ఉన్నాడు. బల్ల మీదికి మూడంగుళాలు లేచిన బ్లేడు కిందికి దిగడం లేదు. వేప దర్వాజ కర్రలు నాలుగూ సాపు చేసి ఉన్నాయి. తలుపు కూర్చునే గాడి ఒక్కటే తీయాలి. దాని లోతు అరంగుళం. ఈ బ్లేడు మీద పెడితే కర్ర రెండు ముక్కలవుతుంది.

కర్రలు బిక్షమ్మవి. పత్తి ఏరి, నాట్లు వేసి, ఆమె రెండు గదులు కట్టుకుంటోంది. పదకొండుంబావుకు దర్వాజ నిలబెట్టాలి. మూడు రోజుల్లో ఆషాఢం. ఇవాళ తప్పితే నెల దాకా ముహూర్తం లేదు. వానలన్నీ ప్లాస్టిక్ కవరు కప్పిన గుడిసెలోనే గడవాలి. ట్రాలీ ఆటో తెచ్చుకొని వాకిట్లో కూర్చుంది.

"ఎనిమిదైంది కొడుకా" అంది బిక్షమ్మ.

"జర గట్టిగ తిప్పరాదూ. అన్నం తింటలేవా?" అన్నాడు గుర్వయ్య.

"గట్టిగ తిప్పితే లోపల పండ్లు ఇరుగుతయన్నా."

"అయితే ఆయిల్ పోద్దాం" అంటూ గుర్వయ్య డబ్బా అందుకున్నాడు. ట్రాక్టరు మెకానిక్కులు పారబోసే కాలిన ఆయిల్ అది. ప్రతి శనివారం మిషన్ కడుపులో గ్లాసెడు పోస్తాడు, దీపం పెట్టినంత నిష్ఠగా.

యోహాను అడ్డంగా తల ఊపాడు. బిగింపు మర చూశాడు, వదులుగానే ఉంది. కరెంటు వైరు పీకాడు. బ్లేడు విప్పి పక్కన పెట్టాడు. ఇద్దరూ పట్టి మిషన్‌ను పక్కకు ఒరిగించారు.

యోహాను వంగి చూశాడు. బ్లేడును దించి లేపే మరల కడ్డీ కనబడనే లేదు. ఆయిలూ రంపపు పొట్టూ కలిసి నల్లటి ముద్ద, కుళ్లిన పేడలాగా. అందులో గుట్కా కాగితాలు, ఉమ్మిన ఎర్రటి చారలు, పొట్ట పగిలి ఎండిన ఎలుకపిల్ల. కంపు ముక్కు దాటి నాలుక మీద కూర్చుంది.

"థూ! ఇది మిషనా, మోరీనా?"

"పనిజేసే జాగ గట్లనే ఉంటది."

"నువ్వు ఉమ్మింది నేను ఎత్తాల్నా అన్నా?"

బిక్షమ్మ లేచొచ్చి తొంగి చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఓయమ్మ! గిండ్లనా నా కడప కోసేది? పసుపు రాసి మొక్కే కడప గదరా!"

యోహాను కింద కూర్చున్నాడు. మొద్దు ఉలితో గీకుతుంటే ముద్ద పెచ్చులుగా ఊడి కాళ్ల మీద పడుతోంది. కడ్డీ మరల సందుల్లో థిన్నర్ ముంచిన బ్రష్షు తోస్తున్నాడు. నల్లటి చారు మోచేతుల దాకా కారింది.

"పొట్టు పడే కాడ ఆయిల్ పోయుమని ఎవడు చెప్పిండన్నా నీకు?"

"ఎవడంటవేంది? నువ్వే!" గుర్వయ్య గొంతు లేచింది. "మిషన్ దించిన కొత్తల కేతేపల్లి నుంచి మొదటి డబ్బా తెచ్చిందెవలు? ‘మా బాపు ఎడ్లబండి ఇరుసుకు గిట్లనే పోస్తుండె, ఇరవై ఏండ్లు అరగలె’ అన్నవా లేదా?"

బ్రష్షు ఆగింది. అన్నాడు. ఇరుసు మీద కర్రపొట్టు రాలదనే సంగతి అప్పుడు తట్టలేదు. ఉమ్ము గుర్వయ్యది, ముద్ద మాత్రం తనది. ఎదుటివాడి మీద వేసిన అసహ్యమంతా తిరిగి తన మీదికే వచ్చింది.

బ్రష్షు పారేసి గోళ్లతోనే పీకాడు. పాత లుంగీ గుడ్డతో కడ్డీని పొడిగా తుడిచాడు. కొవ్వొత్తి ముక్క తెప్పించి, మరల పొడవునా మైనం రుద్దాడు. మిషన్ లేపి చక్రం పట్టుకుంటే రెండు వేళ్లకే తిరిగింది. పైకీ కిందికీ నాలుగుసార్లు.

బ్లేడు బిగించి, బల్ల కడిగించి, అరంగుళానికి దించాడు. చెత్త కర్ర మీద చూసుకొని నాలుగు కర్రలకూ గాడి తీశాడు. మూలల్లో కూసాలు బిగించి, దర్వాజ ఆటోకెత్తేసరికి పది ముప్పావు.

పదకొండుంబావుకు దర్వాజ నిలబడింది. నిలబెట్టిన వడ్రంగికి బొట్టు పెట్టి, చేతిలో బెల్లం పెట్టాలి. బిక్షమ్మ గిన్నె పట్టుకొని "చెయ్యి చాపు కొడుకా" అంది.

మూడుసార్లు సబ్బుతో కడిగినా గోళ్ల కింద నల్లగానే ఉంది. యోహాను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నోట్లనే పెట్టవ్వా" అన్నాడు.