తలుపులో చెయ్యి

కారు దిగుతూనే త్రినాధరావు వెనక ఎడమ తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

"బాబ్జీ, దీని సంగతి ఇవాళ తేలిపోవాల. అద్దం దానంతటదే లెగుత్తంది. నిన్న మా మనవడు తల బయటెట్టి సెరుకు బళ్లు సూత్తన్నాడు. స్విచ్ ఎవులూ ముట్టుకోలేదు. గెడ్డం కిందకొచ్చీసింది. మా కోడలు లాగీబట్టి గాని..." మిగతాది అనలేక ఆ బుచ్చయ్యపేట రైతు తల తిప్పేసుకున్నాడు.

అనకాపల్లిలో బెల్లం లారీలు తిరిగే రోడ్డు మీద బాబ్జి, శాంతికుమారి కలిసి నడిపే ఆటో ఎలక్ట్రికల్ షాపు అది. పెళ్లయిన కొత్తలో శాంతి మొగుడికి టీ తెచ్చి కూర్చునేది. తర్వాత తీగలు అతకడం, రిలేలు మార్చడం తనే చేయసాగింది.

బాబ్జి ముందు స్విచ్ ఊడదీసి చూశాడు. బాగానే ఉంది. అద్దాన్ని ఎన్నిసార్లు దించినా, ఎక్కించినా చెప్పిన మాట వింది.

"ఇవి కంపెనీ విండోలు కావు శాంతీ. పాత ఓనరు బయట కిట్టు కొని పెట్టించీసేడు. లోపలేటి సేసేరో సూడాల."

తాళంచెవి తీసి త్రినాధరావు చేతికిచ్చాడు. తలుపు లోపలి ప్యాడు విప్పి, పక్కన కింద కూర్చుని, ఇనుప రేకుకున్న రంధ్రంలోకి కుడిచెయ్యి మోచేతిదాకా దూర్చాడు. తాళం తీశాక కరెంటు ఎక్కడిది అనుకున్నాడు. ఆ కిట్టుకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే లాగారని అతనికి తెలియదు.

"వెలుగు సాలుతందా?" అంటూ త్రినాధరావు తలుపును ఇంకాస్త బయటికి తెరిచాడు.

గర్రుమని మోటారు తిరిగింది. మరుక్షణం బాబ్జి కేక వేశాడు. ఆ కేక శాంతి అంతకు ముందెప్పుడూ వినలేదు.

ఆమె చేతిలోది పారేసి కారు ముందుకు పరిగెత్తింది. బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినల్‌ని స్పానర్‌తో వదులు చేసి పీకేసింది. మోటారు ఆగింది. కానీ అద్దాన్ని పైకి నెట్టే ఇనుప బద్ద లేచిన చోటే బిగుసుకుపోయింది. దానికీ, రంధ్రం అంచుకీ మధ్య బాబ్జి ముంజెయ్యి నలుగుతోంది. అంచు వెంట రక్తం సన్నగా కారుతోంది. పక్క రంధ్రంలోంచి చూస్తే అతని వేళ్లు అప్పుడే తెల్లబడుతున్నాయి.

"ఓలమ్మో... లాగీ శాంతీ, లాగీ!"

త్రినాధరావు తలుపు పట్టుకున్నాడు. "మల్లా మూసీమంటావా? రాడ్డేసి ఎత్తీమంటావా?"

"ముట్టుకోకండి బాబుగారూ! తలుపు కదిపితే ఎముక ఇరిగిపోద్ది. అలాగే పట్టుకోండి."

అలా అరిచాక ఆమెకే తట్టింది. తలుపు కదిలినప్పుడే కదా అద్దం లేచింది! వంగి కీలు దగ్గర చూసింది. కిట్టు తీగలు రబ్బరు గొట్టం కూడా లేకుండా ఇనుప అంచు మీదుగా పోతున్నాయి. ఒక తీగ తొడుగు చీకిపోయి, లోపలి రాగి కారు బాడీకి ఆనుకుని ఉంది. అద్దం లేపమని చెప్పే తీగే అయ్యుంటుంది అది; బాడీకి తగిలితే స్విచ్ నొక్కినట్టే. బ్యాటరీ తగిలించి స్విచ్ కిందికి నొక్కుదామంటే, తగిలించిన క్షణమే బద్ద మళ్లీ పైకి తంతుంది. తలుపు కదపకుండా ఆ తీగను విడదీయడానికి వేలు దూరే సందు లేదు.

మిగిలింది ఒకటే దారి. మోటారు ప్లగ్గు పీకి, వేరే బ్యాటరీతో నేరుగా మోటారుని వెనక్కి తిప్పాలి. మోటారుకి రెండే తీగలు, ఎరుపు, నలుపు. ప్లస్సు ఒకదానికిస్తే బద్ద దిగుతుంది. రెండోదానికిస్తే అది చేతిని పూర్తిగా నలిపేస్తుంది.

"మావా, దిగాలంటే ప్లస్సు దేనికి?"

"ఎరుపు... ఎరుపుకియ్యి. బేగా!"

ఆమె షాపులోని బ్యాటరీ తెచ్చి పక్కన పెట్టింది. వైర్లు తగిలించింది. మోటారు ప్లగ్గు పీకేసింది. ప్లస్సు వైరు ఎరుపు దగ్గరికి పోనిచ్చి ఆగిపోయింది. ఆ తీగల్ని ఎవరు బిగించారో, ఏ రంగు ఎక్కడ కలిపారో ఎవరికి తెలుసు?

"ఏటి సేత్తన్నావు? సెప్పేను కదా!" బాబ్జి పళ్లు కొరుకుతూ అరిచాడు.

"ఒక్క నిమిషం మావా."

"సచ్చిపోతన్నానే!"

త్రినాధరావు కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం బ్యాటరీ వైరు వదిలేసి, కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ లాంపు తీసింది. ప్లగ్గు పీకేసే ఉంది. ఇక కారు బ్యాటరీ తగిలించినా మోటారు తిరగదు. బానెట్ దగ్గరికి పరిగెత్తి టెర్మినల్ తొడిగి వచ్చింది. లాంపు క్లిప్పు బాడీకి పెట్టి, ముల్లును ప్లగ్గులో నల్ల తీగకు ఆనించింది. వెలగలేదు. ఎర్ర తీగకు ఆనించింది. భగ్గున వెలిగింది.

స్విచ్ నొక్కకుండానే ఎరుపులో కరెంటు వస్తోంది. అంటే అద్దాన్ని పైకి నెట్టింది ఎరుపే. బాబ్జి మాట విని ఉంటే!

ఆమె మోటారు వైపు ఎర్ర తీగకు మైనస్ బిగించింది. ప్లస్సు వైరును నల్ల తీగకు అలా తాకించి వెంటనే తీసేసింది. టక్కుమంది. బద్ద వెంట్రుకవాసి కిందికి జరిగింది. బాబ్జి ఊపిరి వదిలాడు.

"దిగింది! ఇంకోపాలి, శాంతీ!"

మళ్లీ తాకించింది. ఈసారి కాస్తసేపు ఉంచింది. బద్ద గురగురమంటూ దిగింది. బాబ్జి చెయ్యి బయటికి లాగి, దాన్ని గుండెకు హత్తుకుని నేలమీదే పక్కకి ఒరిగిపోయాడు. శాంతి తువ్వాలు చుట్టింది. త్రినాధరావు రోడ్డు మీదికి ఉరికి ఆటో ఆపాడు.

ఎముక బీటిచ్చిందని, వేళ్లకు ఇబ్బంది లేదని ఆసుపత్రిలో చెప్పారు. కట్టు వేసి పంపారు.

మర్నాడు శాంతి ఆ తలుపు ముందు కూర్చుంది. బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసి పక్కన పెట్టాక కూడా, రంధ్రంలోకి చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు. పెట్టింది. చీకిపోయిన తీగలు కోసి కొత్తవి అతికింది. వాటిని రబ్బరు గొట్టంలోంచి లాగింది. కరెంటు తాళం తిప్పితేనే వచ్చేలా మార్చింది. అప్పుడు బ్యాటరీ తగిలించింది.

త్రినాధరావు తలుపును తెరిచాడు, మూశాడు, ఊపాడు. అద్దం కదల్లేదు. స్విచ్ నొక్కితే ఎక్కింది, నొక్కితే దిగింది. అప్పటికీ నమ్మకం చాలక ఒక కర్రముక్కను అద్దం అంచున పెట్టి తలుపు దబదబా కొట్టి చూశాడు. ఆ తర్వాతే కోడలికి ఫోను చేశాడు.

"బాగయింది తల్లీ. అయినా పిల్లోడు తల బయటెట్టకూడదు, ఇంక అంతే."

కారు వెళ్లిపోయాక స్టూలు మీద కూర్చున్న బాబ్జి అన్నాడు, "ఎరుపని నేనే సెప్పేను. ఎలా సెప్పేనో నాకే తెలీదు శాంతీ."

"నొప్పిలో సెప్పేవు మావా. ఒగ్గీ, మరిసిపో."

అప్పుడు మొదలైంది ఆమె చేతుల వణుకు. టెస్ట్ లాంపు గూట్లో పెట్టబోతే జారిపోయింది. బాబ్జి లేచి, ఎడంచేత్తో దాన్ని తీసి పక్కన పెట్టి, ఆమె రెండు చేతులూ ఆ ఒక్క చేతిలోకి తీసుకున్నాడు. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. వణుకు ఆగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.