ఉంగరానికంటిన మెతుకు

పద్దెనిమిదో రోజున అచ్యుతన్‌కుట్టి దొంగతనంగా మామిడిపిందె ఊరగాయ తిన్నాడు. ఒక్కటంటే ఒక్కటే. పథ్యం దగ్గర ఒక్కటేమిటి, వందేమిటి!

ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా తిరిగిన మనిషి, పెద్దపేగు పూతతో విరేచనాలు పట్టుకున్నాక నాలుగేళ్లుగా గంటసేపు బస్సులో కూర్చోలేక చెర్పుళస్సేరి ఇంటికే అతుక్కుపోయాడు. పెద్దాసుపత్రి మాత్రలు వాడుతూనే, అక్కడి డాక్టరుతో చెప్పి మరీ, శంకున్ని వైద్యర్‌ను ఆశ్రయించాడు. ఇరవై ఒక్క రోజులు కొడిసెపాల బెరడు కషాయం, పులిచింతాకు నూరి కాచిన మజ్జిగ, పాలగుండ జావ. అన్నం మెతుకు తగలకూడదు, కారం ఊసెత్తకూడదు. తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఆ వైద్యుల ఇంట్లో తాతలనాటి నియమం అది.

ఆయన ఇంత ఓర్చుకున్నది పేగు కోసం కాదు. కూతురు శ్రీకలకు పెళ్లయిన పదేళ్లకు కొచ్చిలో పాప పుట్టింది. నెలలు నిండకుండా పుట్టిందని ఆర్నెల్లదాకా కొచ్చి దాటించొద్దన్నారు. ఈయనా వెళ్లలేడు. పాపను ఫోన్లో చూడటమే తప్ప ఒక్కసారి ఎత్తుకున్నది లేదు. ఇరవైనాలుగో రోజున గురువాయూర్‌లో అన్నప్రాశన. ఒళ్లో కూర్చోబెట్టుకుని, బంగారు ఉంగరంతో మొదటి మెతుకు నాలుకకు రాసే వంతు తాతది. అప్పటికి కడుపు కుదుటపడి బస్సెక్కగలగాలని, ఆ ఒక్క మెతుకు కోసం పద్దెనిమిది రోజులు నోరు కట్టుకున్నాడు, పాపం, చివరికి జాడీ ముందు ఓడిపోయాడు.

మర్నాడు తేలు కుట్టిన దొంగలా కూర్చుంటే, భార్య సౌదామిని మామిడిపిందె జీడి తెచ్చి ముందు పెట్టింది.

"ఇదెవరు తిన్నారు?"

"పిల్లి తిని ఉంటుంది."

"ఓహో! మరి పొద్దుట్నుంచి ఏడుసార్లు దొడ్లోకి పరిగెత్తింది కూడా పిల్లేనా?"

వైద్యర్ నాడి కూడా చూడలేదు. "అచ్యుతా, ఇవాళ ఒకటో రోజు."

"వైద్యర్, పాప అన్నప్రాశన..."

"మధ్యలో దిగిపోయినవాడు మళ్లీ ఎక్కితే పాత టిక్కెట్టు చెల్లనిచ్చేవాడివా నువ్వు?"

అచ్యుతన్‌కుట్టి ముప్పై ఏళ్లలో ఒక్కరికీ చెల్లనివ్వలేదు మరి.

బయల్దేరే రోజున తన వేలి ఉంగరం తీశాడు. వదులైందని చుట్టిన దారం విప్పేసి భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వెళ్లు. నా బదులు ఇది తాకుతుంది."

"మీరొక్కరూ ఉండగలరా?"

"మజ్జిగ తాగడానికి పెద్దమనుషులెందుకే? వెళ్లు, బస్సు పోతుంది."

ముహూర్తం వేళ కషాయం గిన్నె పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. ఫోను మోగింది. గుడి రద్దీలో మొదట ఒక్క మాటా తెలియలేదు. పాప గుక్కపట్టి ఏడ్చింది, అంతలోనే ఊరుకుంది. ఫోను పాప దగ్గరికి పెట్టినట్టున్నారు, చిన్నగా చప్పరించిన చప్పుడు. "నాన్నా, మింగేసింది!" అంది శ్రీకల. ఆయన గిన్నె కింద పెట్టేసి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కడుపునొప్పికి ఎన్నడూ అంత ఏడవలేదు.

సాయంత్రం సౌదామిని చిన్న అరిటాకు పొట్లం విప్పింది. ఉంగరం, దాని అంచున ఎండి అంటుకున్న పాయసం మెతుకు ఒక్కటి.

"తొందరలో కడగలేదు. ఇటివ్వండి, కడిగేస్తాను."

ఆయన ఇవ్వలేదు. ఉంగరాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నెయ్యి, బెల్లం వాసన. నోట్లో నీళ్లూరాయి. సౌదామిని చూస్తూ నిలబడింది. మూడు వారాల పైగా మెతుకెరగని నాలుక పెదవుల దాకా వచ్చింది.

"ఇవాళ ఎన్నో రోజే?"

"ఆరు."

"ఇంకా పదిహేను." ఉంగరాన్ని పంచె కొంగులో చుట్టి, ముడి మీద ముడి వేశాడు. "అవి గడిచిన మర్నాడు అన్నం తినొచ్చుగా. ముందు ఈ మెతుకు తింటాను. ఆ తర్వాతే నీ వంట."