నల్లబల్ల నవ్విన రోజు

నేను ఒక నల్లబల్లను. పుట్టింది టేకు చెక్కకు, పెరిగింది బొగ్గుపొడి, గుంటగలగరాకు పసరుతో. నన్ను చేసిన వీరాచారి గోడకు తగిలిస్తూ, ఇక నీకు చదువే చదువు అని దీవించాడు. నిజమే, తొమ్మిదో తరగతి నేను చదివినన్నిసార్లు ఎవరూ చదవలేదు. పాస్ మాత్రం కాలేదు.

లెక్కల సూరపరాజు మాస్టారంటే నాకు హడల్. వస్తూనే, నా మీద ఎవరేం రాసి ఉన్నా డస్టరుతో తుడిచిపారేసేవారు. తెలుగు పేరిందేవి టీచరంటే ప్రాణం. ఆవిడ పద్యం రాయించి గురువు, లఘువు గుర్తులు పెట్టిస్తుంటే నాకు చక్కిలిగింతలు పుట్టేవి.

ఒకరోజు మంగతాయారు అనే పిల్ల సొంతంగా ఆటవెలది రాసింది. ఎవరి మీదనుకున్నారు? నా మీదే! బడిపిల్లల పద్యాల పోటీకి ఆ సాయంత్రమే పంపాలి. అందరి ముందూ గణాలు విడదీస్తే నిలిచిన పద్యాన్నే పంపుతానని టీచరు నియమం. మూడు పాదాలు నిలిచాయి. నాలుగోది "నల్లబల్ల చూడు మెరిసిపోయె". గణాలు అయిదూ కుదిరాయి, యతి కుదరలేదు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ చెలిమి ఉండాలి కదా, 'న'కు 'మె' ఏమవుతుంది? మంగతాయారుకు కళ్లనీళ్ల పర్యంతమైంది. అంతలో గంట కొట్టారు. డస్టరుతో సూరపరాజు మాస్టారు రానే వచ్చారు. నా పద్యానికి నూకలు చెల్లాయనుకున్నాను.

ఆయన చెయ్యెత్తి, ఎందుకో ఆగారు.

"ఇదేం లెక్కండీ, టీచరుగారూ?"

టీచరు విడమరిచి చెప్పారు. లెక్క అనగానే ఆయనకు పట్టుదల వచ్చింది. సుద్దముక్క అందుకుని గుర్తులన్నీ మొదటినుంచీ సరిచూశారు. తేలక, సుద్ద చేత్తో నుదురు రుద్దుకున్నారు. విభూతి పెట్టినట్టు మూడు అడ్డగీతలు పడ్డాయి. తరగతంతా గొల్లున నవ్వింది. సంగతి తెలిసి ఆయనా నవ్వేశారు. అంతకుముందు ఆ నవ్వు ఎవరూ చూసి ఎరగరు.

నవ్వుతూనే నా వైపు చూసిన మంగతాయారు పరుగున వచ్చి చివరి మాట చెరిపి, కొత్త మాట రాసింది.

"నల్లబల్ల చూడు నవ్వుతోంది" అని చదివి, "కుదిరిందా అండీ?" అంది.

టీచరు ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నారు. నాకైతే ఆనందం పట్టలేదు. మాస్టారు ఆ పూట డస్టరు ముట్టలేదు. నా కింది మూలలో త్రిభుజాన్ని ఇరికించి, వంగి పాఠం చెప్పారు. పోటీలో పద్యానికి మూడో బహుమతి వచ్చింది. మొదటిది రావాల్సిందని నా అభిప్రాయం, నన్నెవరడిగారు?

ఇప్పుడు సైకిళ్ల షెడ్డులో ఉన్నాను. పిల్లలు నా మీద కబడ్డీ పాయింట్లు వేసుకుంటారు. మొన్న సూరపరాజు మాస్టారు పింఛను పనిమీద బడికి వచ్చి, సైకిలు పెడుతూ నన్ను గుర్తుపట్టారు. అటూ ఇటూ చూసి, సుద్దముక్క వెతికి ఆ పాదం రాశారు. గురువులు, లఘువులు జాగ్రత్తగా పెట్టారు. ఒకసారి సరిచూసుకుని, సరైన లెక్కకు పెట్టినట్టు పక్కన పెద్ద టిక్కు పెట్టారు.