బ్యాటరీ గదిలో బావినీళ్లు

"వాసనేస్తే ముక్కు మూసుకో. చేతులు మాత్రం ఆపకు" అంది మా అత్త కాటారి.

ముక్కు మూసుకోవడానికైనా ఒక చెయ్యి కావాలని ఆవిడకి తట్టలేదు. నా రెండు చేతులూ చేప పొలుసుల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నానికి అవతలి దీవి నుంచి నలభై మంది చర్చి ఆడవాళ్లు పడవల్లో దిగుతారు. మూడు రోజులు మా మనేబాలోనే తిండీ, పడకా. మనేబాకి గోడలుండవు. ఊరి పెద్దలు సభ తీర్చేదీ, విందులు జరిగేదీ, చుట్టాలు పడుకునేదీ అంతా ఆ కొబ్బరాకుల కప్పు కిందే. దానికి పది అడుగుల దూరంలో రేకుల గది ఒకటుంది. ఊరి సోలార్ బ్యాటరీలు అందులో ఉంటాయి. వాసన అక్కడినుంచే వస్తోంది. నీళ్ల ట్యాంకులు కడిగేటప్పుడు చల్లే బ్లీచింగ్ పౌడర్ వాసన. ఎండ ఎక్కేకొద్దీ ఘాటెక్కుతోంది.

ఆ గది సంగతి నాకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. తెలుసని చెప్పుకునే హక్కు మాత్రం నాకు లేదు. నాలుగేళ్ల కిందట లైటు వచ్చినప్పుడు, రాజధాని తరావాలో ఆరు వారాల శిక్షణకి ఒకర్ని పంపమని ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగేది రోతియా ఒక్కతే కదా అని బడి టీచరు నా పేరు చెప్పాడు. "ఆడమనిషి తీగలు పట్టుకుంటే ఇల్లెవరు పట్టుకుంటారయ్యా?" అన్నాడు పెద్దాయన తెబానో. మనేబా అంతా నవ్వింది. నా మొగుడు బౌరో అందరికంటే ఎక్కువ నవ్వాడు. వెళ్లింది అతనే. ఒక సర్టిఫికెట్టూ, ఒక లావాటి పుస్తకమూ పట్టుకుని తిరిగొచ్చాడు. సర్టిఫికెట్టు గోడకెక్కింది. పుస్తకం నా ఒళ్లోకొచ్చింది. అప్పటినుంచీ వారానికోసారి లోపలికెళ్లి ఇరవై నాలుగు మూతలు విప్పి, నీళ్లు చూసి, పోసి, తుడిచి వచ్చేది నేను. గుమ్మంలో టీ తాగుతూ నిలబడేది అతను. ఊరు అతన్ని సోలార్ మనిషి అంటుంది. నన్ను సోలార్ మనిషి పెళ్లాం అంటుంది. ఆ లైటు రాకముందు చీకటి పడితే పని ఆగేది. వచ్చాక "ఇంకా వెలుతురుందిగా" అనే మాట ఒకటి నేర్చుకున్నారు మా ఇంట్లో.

ఈ ఏడు వాన మొహం చూసి అయిదు నెలలైంది. బావినీళ్లు ఉప్పెక్కిపోయాయి. ఓడ మీద రావలసిన డిస్టిల్డ్ వాటర్ రాలేదు. ఆఖరి వానలో, కడిగిన టార్పాలిన్ పరిచి పట్టిన నీళ్లు రెండు క్యాన్లు బ్యాటరీల కోసం దాచాను. పోయిన వారం పాస్టరుగారొస్తే మా అత్త వాటితో టీ పెట్టింది. ఆయన కాళ్లు కడుక్కోవడానికీ అవే ఇచ్చింది. అదేంటత్తా అని అడిగితే, "దేవుడి మనిషికి ఉప్పునీళ్ల టీ పొయ్యమంటావా? నీ బ్యాటరీలేవన్నా బైబిలు చదువుతాయా?" అంది. నా బ్యాటరీలు అందావిడ. ఏదన్నా పాడైనప్పుడే అవి నావవుతాయి.

మొన్న నేను పొద్దున్నుంచీ బబాయి అనే పెద్ద చేమదుంపలు గుంటలో తవ్వుతున్నాను. ఇక్కడ బ్యాటరీల్లో నీళ్లు తగ్గి ఎర్ర లైటు వెలిగి, విందు చేపలున్న ఫ్రీజరు ఆగిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బౌరో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు లేకపోతే పని ఆగిపోద్దనుకున్నావా? మూతలు తీశా, పోశా, అయిపోయింది. దీనికి వారం వారం అంత హడావుడి చేస్తావేంటే?"

"ఏం నీళ్లు పోశావు?"

"నీళ్లు నీళ్లే."

"ఏ నీళ్లు, బౌరో?"

"బావివి. ఇంకెక్కడున్నాయి ఊళ్లో?"

పుస్తకంలో ఒక పేజీకి చుట్టూ నల్లగీత ఉంటుంది. ఉప్పునీళ్లు పోసిన బ్యాటరీకి ఎండ తగిలి కరెంటెక్కితే విషపు గాలి పుడుతుందని అందులో రాసుంది. చదివి వినిపించాను. "పుస్తకాలు రాసేవాళ్లకి పనేముంది, భయపెట్టడమే" అని అటు తిరిగి పడుకున్నాడు. నిన్నంతా మబ్బు. నా గుండె కాస్త కుదుటపడింది. ఇవాళ తెల్లవారుతూనే ఎండ నిప్పులు చెరుగుతోంది.

చేపల తొట్టి కడగడానికి గది పక్కకి వెళ్లాను. రేకుల కింద పొదుగుతున్న కోడి, గుడ్ల మీదే మెడ వాల్చేసి ఉంది. ముట్టుకుంటే బిగుసుకుపోయి ఉంది. నా కళ్లు మండాయి, దగ్గు తన్నుకొచ్చింది. పరుగెత్తుకెళ్లి బౌరోకి చెప్పాను.

"ఎండకి చచ్చుంటుంది. కూర వండు."

"ఆ పక్కనే నలభై మంది పడుకుంటారు. పెద్దలకి చెప్పు, పడకలు బడికి మార్పిస్తారు."

"చెప్పి? సోలార్ మనిషి బావినీళ్లు పోశాడని ఊరంతా నవ్వాలా? నోరు మూసుకుని పని చూడు."

ఇంక ఎవరినీ అడగలేదు. అతిథుల కోసం పరిచిన మొగలి చాపలన్నీ ఎత్తుకొచ్చి సోలార్ పలకల మీద కప్పడం మొదలుపెట్టాను. ఎండ తగలకపోతే కొత్త విషం పుట్టదు. గదిలో నిండింది మాత్రం ఎక్కడికీ పోదు. ఆఖరి చాప కప్పేలోపే మా అత్త కేకలకి పెద్దలంతా లేచొచ్చారు.

"దీనికేమన్నా పిచ్చెక్కిందా? పడవలు కనబడుతుంటే పడకలు పీకుతుందేంటి?" అన్నాడు తెబానో.

బౌరో నా కళ్లల్లోకి చూడకుండా అందుకున్నాడు. "మా ఆవిడ తప్పేనండి. నాకు చెప్పకుండా బ్యాటరీల్లో ఏవో నీళ్లు పోసింది. ఇప్పుడే లోపలికెళ్లి తనే బాగుచేస్తుంది. వెళ్లవే."

"తగలబెట్టింది చాలు, మళ్లీ ఆవిడేనా? తరావా వెళ్లి నేర్చుకొచ్చింది నువ్వు కదయ్యా. నువ్వే తలుపు తియ్యి" అన్నాడు తెబానో.

బౌరో గది వైపు నడిచాడు. గడియ మీద చెయ్యేసి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నువ్వొచ్చి చెయ్యి అని దానర్థం. నాలుగేళ్లుగా ఆ చూపుకి నేను లేచి వెళుతూనే ఉన్నాను. ఇప్పుడు కదల్లేదు. ఆ తలుపు తీసి ముందుగా ఊపిరి పీల్చే మనిషికి ఏమవుతుందో అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే నిజంగా తెలుసు. మా దగ్గర పెద్దలు మాట్లాడేచోట ఆడది నోరెత్తకూడదు. ఆ ఆచారం నన్ను చిన్నప్పటినుంచీ చంపుకు తింది. ఆ క్షణంలో మాత్రం నాకది ఎంత హాయిగా అనిపించిందో! నేను ఏ తప్పూ చెయ్యక్కర్లేదు. ఎప్పటిలా ఊరుకుంటే చాలు. అత్త చెప్పినట్టు, మొగుడు చెప్పినట్టు నోరు మూసుకుని నిలబడితే చాలు. గడియ సగం జరిగింది. తుప్పు రాలడం కనిపించింది. బౌరో ఇంకా నన్నే చూస్తున్నాడు. అప్పుడతనికి అర్థమైంది, నాకంతా తెలిసే నిలబడి ఉన్నానని.

"తియ్యకు" అన్నాను.

తర్వాత పెద్దల వైపు తిరిగి అంతా చెప్పేశాను. బావినీళ్ల సంగతి, నాలుగేళ్ల సంగతి, నల్లగీత పేజీ సంగతి. ఎవరూ నవ్వలేదు. పడకలు బడికి మారాయి. చేపలకి ఉప్పు పట్టించారు. రెండు వారాలకి ఓడ మీద వచ్చిన ఇంజనీర్లు మొహాలకి ముసుగులు వేసుకుని గానీ ఆ తలుపు తీయలేదు. బతికున్నారంటే ఈవిడ చలవేనని తెబానోతో అన్నారు. ఆ గది పనికి నా పేరే రాసి వెళ్లారు. రోతియా మొగుణ్ణి కాపాడుకుందని ఊరంతా చెప్పుకుంటుంది.

నేను ఆ ఒక్క మాట అనే ముందు ఎంతసేపు ఆగానో ఊరికి తెలీదు. బౌరోకి తెలుసు. మా ఇళ్లల్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తింటారు. ఇప్పుడు అతను నన్ను ముందు తినమంటున్నాడు. అదేం మర్యాదరా అని మా అత్త గొణుగుతుంది. అతను నా పళ్లెం వైపే చూస్తూ, రెండు ముద్దలు నేను మింగేదాకా ఆగి, అప్పుడు తన పళ్లెం దగ్గరికి లాక్కుంటాడు. నేను తొందరపడను. నెమ్మదిగా నములుతాను.